కుందేళ్ళ పొత్తు

కుందేలు సాధువని లోకమున పేరు. దానికి కొమ్ములు లేవు, విషము లేదు, పెద్ద అరుపైనను లేదు. పిల్లలు దానిని చూచి ముచ్చటపడుదురు. పెద్దలు దానివలన హాని లేదని ఊరకుందురు. చంద్రునిలోని మచ్చను కుందేలుగా తలచి శశాంకుడని పేరిడిన దేశము మనది. సింహమును బావిలో దుముకునట్లు చేసిన కుందేటి కథ చెప్పని తల్లి మనలో నుండదు. ఇట్టి ప్రాణులను రెండింటిని తెచ్చి ఒక గూటిలో నుంచినచో అన్యోన్యముగా నుండునని ఎవరైనను తలతురు. కాని అనుభవము వేరు. ఒకదాని నొకటి ఎరుగని రెండు కుందేళ్ళను రాత్రి ఒక గూటిలో మూసి, తెల్లవారి తలుపు తెరచిన ఇల్లాండ్రకు చినిగిన చెవులును, ఊడిన బొచ్చును, ఒక్కొక్కప్పుడు చచ్చిన కుందేలును కానవచ్చుట కలదు.

ఇందు కుందేటి తప్పేమియు లేదు. దాని స్వభావ మెరుగక, సాధువు గదా యని మనము తొందరపడుటయే దీనికి మూలము. కుందేటికి తోడు కావలెను. కాని ఆ తోడు మనము మూసిన గూటివలన కలుగదు. ఎడమిచ్చి, కాలమిచ్చి, రెండింటిని సమముగా చూచినచో క్రమముగా కలుగును. ఈ విధము నెరిగిన ఇంట రెండు కుందేళ్ళు ఒకదాని ప్రక్క నొకటి పండుకొని తల నాకికొనుచుండుట చూడ కన్నుల పండువుగా నుండును.

ఈ వ్యాసమును మేము ముఖ్యముగా ఉరవకొండ వంటి ఊళ్ళలోని సోదరీమణులను తలచి వ్రాయుచున్నాము. కుందేళ్ళ పెంపకమును గూర్చి దొరకు మాటలు చాలవరకు చల్లని దేశములవారు చెప్పినవి. అనంతపురమునకు వాయవ్యముగా సుమారు 50 కిలోమీటర్ల దూరమున, పాముపడగ వంటి కొండ నానుకొనియున్న మన ఊరి సంగతి వేరు. ఈ జిల్లాలో సంవత్సరమునకు సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును. ఇట మగ్గము నడపు ఇల్లును, వేరుసెనగ పండించు ఇల్లును నీటిబిందెను లెక్కపెట్టుకొని బ్రతుకుచుండును. ఇట్టిచోట రెండవ కుందేటిని ఇంటికి తెచ్చుటకు ముందు ఇల్లాలు తెలిసికొనవలసిన విషయములు కొన్ని కలవు.

పొలములోని కుందేలు వేరు

మొదట ఒక భేదము నెరుగవలెను. వేరుసెనగ పెరుకునప్పుడు పొదనుండి దూకి పరుగెత్తు కుందేలును, అంగడిలో అమ్మెడు కుందేలును ఒక జాతివి కావు. పొలపు కుందేలు, అనగా మన పెద్దలు చెవులపిల్లి అనునది, బొరియ త్రవ్వదు. బయలునందే ఒంటరిగా పండుకొనును. దాని పిల్లలు కన్నులు తెరచి, ఒంటినిండ బొచ్చుతో పుట్టును. పెంపుడు కుందేటి పూర్వులు స్పెయిను, పోర్చుగలు ప్రాంతములవి. అవి నేలలో బొరియలు త్రవ్వి గుంపులుగా నివసించును. వాని పిల్లలు కన్నులు మూసికొని, బొచ్చు లేకయే పుట్టును. ఈ రెండు జాతులకును కలసి సంతానము కలుగదు.

కావున చేనిలో దొరికిన పిల్లను తెచ్చి ఇంటి కుందేటికి తోడుగా నుంచుట వ్యర్థము. అది బెదిరి, మేత ముట్టక, కొలది దినములలో చచ్చుటయే తరచు. అదియునుగాక 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమును బట్టి పొలపు కుందేటిని పట్టుట నేరము. పిల్ల కనబడినచో ఉన్నచోటనే విడిచిపెట్టవలెను. తల్లి దానియొద్ద దినమంతయు కూర్చుండదు. సాధారణముగా చీకటి పడు వేళ ఒకసారి వచ్చి పాలిచ్చి పోవును. తల్లి కనబడలేదని దానిని దిక్కులేని పిల్లగా తలపరాదు.

కలహ మేల కలుగును

పెంపుడు కుందేలు గుంపులో బ్రతుకు ప్రాణి. దానిని ఒంటరిగా ఇరుకుగూటిలో నుంచినచో కమ్ములు కొరుకుటయు, లేక ఒక మూల కదలక కూర్చుండుటయు అలవాటగును. అయినను గుంపనగా అందరును సమానులని కాదు. వేల్సు దేశమునకు చెందిన ఆర్. ఎం. లాక్లీ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు కంచె వేసిన నేలలో అడవికుందేళ్ళను ఏండ్ల తరబడి గమనించి 1964లో ఒక గ్రంథము ప్రకటించెను. ఆయనయు, మరికొందరు శాస్త్రజ్ఞులును గమనించిన దేమనగా, కుందేళ్ళలో మగవానికి వేరుగను, ఆడువానికి వేరుగను పెద్దరికపు వరుస కలదు. ఎవరు ముందు, ఎవరు వెనుక అని తేలువరకు తరుముటలు, కరచుటలు నడచును. తేలిన పిమ్మట చాలవరకు శాంతి నెలకొనును.

అడవిలో ఓడిన కుందేటికి పారిపోవుటకు చోటున్నది. మన గూటిలో అది లేదు. నాలుగడుగుల పెట్టెలో ఓడినది ఎక్కడికి పోవును? గెలిచినది ఇంకను ఇది నా ఎదుట నిలిచియున్నదే యని మరల మరల మీదబడును. గూటిలో జరుగు ఘోరములకు ఇదియే ముఖ్యకారణము.

రెండవ కారణము తావు. కుందేటి గడ్డము క్రింద వాసనగల ద్రవ మూరు గ్రంథులున్నవి. అది తలుపు, స్తంభము, గిన్నె, మన కాలివ్రేలు మొదలగువానికి గడ్డము రాచి, ఇది నాది యని ముద్ర వేయుచుండును. అట్లు ముద్ర వేసిన తావులో క్రొత్తదానిని దించినచో పాతదానికి అది దొంగవలె తోచును. కొత్తకోడలు కాపురమునకు వచ్చిన దినముననే తాళపుచెవుల గుత్తి అడిగినచో అత్తగారి మొగ మెట్లుండునో మన మెరుగుదుము. ఆడుకుందేలు ఈ విషయమున మగదానికంటె పట్టుదల గలది. ఒక ఒరలో రెండు కత్తు లిమడవను సామెత ముద్ర వేసిన గూటి విషయమున నిజము.

మూడవ కారణము వయస్సు. మూడున్నర నెలలు మొదలు ఆరు నెలలలోపల కుందేళ్ళు యుక్తవయస్సునకు వచ్చును. అంతవరకు ఒకదానిపై నొకటి పండుకొనిన అక్కచెల్లెండ్రును, అన్నదమ్ములును ఒక వారములో పగవారగుట కలదు. నిన్నటివరకు బాగున్నవే, దిష్టి తగిలినదేమో అని కొందరు దిగులుపడుదురు. దిష్టి కాదు, అది దేహధర్మము.

ఏ జోడు కుదురును

మేమెరిగిన ఒక మగ్గపు ఇంట జరిగిన సంగతి ఇట చెప్పుట ఉపయుక్తము. ఆ ఇల్లాలు బిడ్డల పోరు పడలేక సంతలో ఒక తెల్ల ఆడుకుందేటిని కొనెను. కొన్ని నెలల పిమ్మట దానికి తోడుగా మరియొక దానిని తెచ్చిరి. రెండును ఆడువే యని అమ్మినవాడు నమ్మబలికెను. “ఒకటే గంప కింద మూసిపెట్టక్కా, రెండు దినాలకు అవే కలిసిపోతాయి” అని సలహాయు చెప్పెను. ఆమె అట్లే చేసెను. తెల్లవారునప్పటికి క్రొత్తదాని చెవి రెండుగా చీలియుండెను. దానిని వేరుచేసి గాయము మానిన పిమ్మట మరల కలిపిరి. ఈసారి పోరు లేకుండుట చూచి ఇంటివారు సంతసించిరి. నెల తిరుగగనే ఏడు పిల్లలు పుట్టినవి. క్రొత్తది మగది. ఆ పిల్లలు ఎదుగునంతలో తల్లి మరల ఈనెను. కుందేళ్ళు పోగు నూలు కొరికినవి; తాగునీటి కుండ చాలదాయెను. తుదకు అడిగినవారి కెల్ల ఇచ్చివేసిరి. వారు పెంచుటకు కొనిపోవుట లేదని ఆ ఇల్లాలికి తెలియును. పదేండ్ల బాలిక రెండు దినములు తల్లితో మాటాడలేదు.

ఈ కథలో ఆశ్చర్యమేమియు లేదు. కుందేలు సుమారు 31 దినములు మోసి ఈనును. ఈనిన దినముననే మరల చూలు కట్టగలదు. 1859లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా ప్రాంతమున థామస్ ఆస్టిన్ అను దొర ఇంగ్లండునుండి తెప్పించి విడిచిన కొలది కుందేళ్ళు కొన్ని దశాబ్దములలో ఆ ఖండమున పెక్కు భాగములు నిండి పైరుపచ్చలను నాశనము చేసినవి. కావున ఆడు మగ జోడును ఊరక కలుపుట ఎన్నటికిని కూడదు. పసికుందేళ్ళ లింగ మెరుగుట కష్టము. అమ్మువాని మాట చాలదు, పశువైద్యునికి చూపి నిశ్చయించుకొనవలెను. పండ్రెండు వారములు నిండకమున్నే ఆడువానిని మగవానిని వేరుచేయవలెను.

అన్నిటికంటె సులువుగా కుదురు జోడు, సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయబడిన ఒక మగదియు, అట్టి ఒక ఆడుదియు. ఆ పిమ్మటిది చికిత్స జరిగిన, చిన్ననాటినుండి కలసి పెరిగిన ఒకే లింగపు జోడు. చికిత్స లేని రెండు మగకుందేళ్ళు ఎన్నటికిని తగవు. అవి ఒకదాని మర్మావయవముల నొకటి కొరికివేయును. మూడింటిని కూర్చుట రెండింటికంటె చాల కష్టము. అలవాటు లేనివారు దాని జోలికి పోరాదు.

మగదానికి నాలుగు నెలల పిమ్మటను, ఆడుదానికి సుమారు ఆరు నెలల పిమ్మటను ఈ చికిత్స చేయుదురు. చికిత్స చేయని ఆడుకుందేళ్ళకు వయస్సు మీరినకొలది గర్భాశయమున పుండు, అనగా క్యాన్సరు, కలుగుట ఎక్కువ. కావున ఆడుదానికి ఇది ప్రాణరక్షణము గూడ. మగదానికి చికిత్స జరిగిన పిమ్మటను ఆరు వారములవరకు సంతానశక్తి మిగిలియుండవచ్చును, అంతదాక కలుపరాదు. కుందేటికి మత్తు ఇచ్చుట కుక్కకు, మేకకు ఇచ్చినట్లు కాదు. కావున ఈ జంతువునందు అనుభవము గల వైద్యు డెవరో మన ఊరి పశువైద్యశాలలో విచారించి, అవసరమైన అనంతపురమునకో, బళ్ళారికో, బెంగుళూరికో పోవలెను. కుందేలు వాంతి చేసికొనజాలదు. చికిత్సకు ముందు దానిని పస్తుంచ నక్కరలేదు.

అంత దూరము పోవుట అందరికిని సాధ్యము కాదని మే మెరుగుదుము. అట్టివారికి ఒక మార్గము కలదు. రెండు గూళ్ళను ప్రక్కప్రక్కన నుంచి, నడుమ తీగెవల వేసి, ఇరుగుపొరుగువలె ఉంచుట. అవి ఒకదాని నొకటి చూచును, వాసన చూచును, వలకు చేరువగా పండుకొనును. ఇదియు ఒక విధమైన తోడే. గాయములకంటెను, లెక్కలేని సంతానముకంటెను ఇది వేయిరెట్లు మేలు.

పరిచయము చేయు విధము

చికిత్స జరిగి, గాయము మాని, రెండును ఆరోగ్యముగా నున్నప్పుడు పరిచయము మొదలిడవలెను. కాలము చూచుకొనవలెను. ఫాల్గుణము మొదలు జ్యేష్ఠమువరకు మన ఎండలలో కుందేలు బ్రతుకుటయే గగనము. అప్పుడు క్రొత్తదానిని కలుపుట వలదు. వానలు పడి చల్లబడిన భాద్రపదము మొదలు పుష్యమువరకు అనువైన కాలము.

మొదటి మెట్టు చూపు. రెండు గూళ్ళ నడుమ రెండు తీగెవలలు, వానికి నాలుగు వ్రేళ్ళ ఎడముండునట్లు వేయవలెను. ఒక్క వలయే యున్నచో ముక్కులు, పెదవులు కొరుకుకొనును. వలకు ఇరువైపుల ఎదురెదురుగా మేత నుంచవలెను. మొదట దూరముగా నుంచి, దినదినము వలవైపు జరుపుచు రావలెను. ఒకదాని సమక్షమున మరియొకటి ప్రశాంతముగా తినుట నేర్చినచో సగము పని యైనట్లే.

రెండవ మెట్టు వాసన. ఒకదాని పరుపుగడ్డిని గుప్పెడు తీసి మరియొక దాని గూటిలో వేయవలెను. ఒక మెత్తని గుడ్డతో ఒకదాని చెంపలు తుడిచి, ఆ గుడ్డను రెండవదాని యొద్ద నుంచవలెను. నాలుగైదు దినముల పిమ్మట రెండింటి గూళ్ళను తారుమారు చేయవలెను. అట్లు చేసినచో ఈ తావు నాదే యను పట్టు రెండింటికిని సడలును. ఈ రెండు మెట్లకును పది పదునైదు దినములు పట్టవచ్చును. క్రొత్తదాని వాసనకే గుర్రుమను కుందేటికి నెల పట్టిన పట్టనిండు.

మూడవ మెట్టు కలయిక. ఇది రెండింటిలో దేనికిని చెందని తావున జరుగవలెను. కుందే ళ్ళెన్నడును తిరుగని వసార గాని, పొరుగింటి గది గాని, స్నానపుగది గాని పనికివచ్చును. మన ఇండ్లలోని తాడిపత్రి బండలు నునుపుగా నుండును. కుందేటి అరికాలికి కుక్కకు వలె మెత్తలు లేవు, బొచ్చు మాత్రమే. కావున బండపై జారి బెదరును. గోనెపట్టా ఒకటి పరచవలెను. ఆకుకూర అక్కడక్కడ చల్లవలెను. రెండు వైపుల తెరపియున్న అట్టపెట్టెలు రెండు నుంచవలెను. ఒకే ద్వారమున్న పెట్టెలో దూరిన కుందేటికి అది బోనగును.

మొదటి దినము పది నిమిషములు చాలును. ఇల్లాలు నేలపై దగ్గరగా కూర్చుండి ఓపికగా చూడవలెను. వంటపని నడుమ ఒక కన్ను వేసి చేయదగిన పని కాదిది. చేతియొద్ద మందపు దుప్పటియు, ఒక పలకయు ఉండవలెను. పోరు మొదలైనచో పలకను నడుమ దించి, దుప్పటి కప్పి విడదీయవలెను. వట్టిచేయి నడుమ పెట్టినచో ఎముకదాక కరచును. బాలురను దగ్గరకు రానీయరాదు. కలయిక ప్రశాంతముగా నున్నప్పుడే ముగించవలెను. పోరుతో ముగిసినచో ఆ జ్ఞాపకమే మిగులును. దినమునకు ఒకటి రెండుసారులు ఇట్లు చేసి, పది నిమిషములను అరగంటకు, గంటకు, పూటకు పెంచవలెను. మనము దగ్గరనుండగా రెండు పగళ్ళు, రెండు రాత్రులు ఏ రభసయు లేక గడచిన పిమ్మటనే వానిని ఒక నివాసమున విడువవలెను. ఆ నివాసమును గూడ ముందుగా వెనిగరు కలిపిన నీటితో కడిగి, పాత వాసన పోగొట్టవలెను.

గురుతులు

కుందేలు నోరులేనిది, దాని మాట దేహమున చదువవలెను. రెండును ఒకదాని నొకటి పట్టించుకొనక మేయుచుండుట మంచి గురుతు. చాలమంది ఇది చూచి, వీనికి స్నేహము లేదని నిరాశపడుదురు. కాని భయము లేదని దాని అర్థము. ఒకటి తల వంచి రెండవదాని గడ్డము క్రింద పెట్టుట, నా తల నాకుమని అడుగుట. రెండవది నాకినచో పొత్తు కుదురుచున్నదని తెలియవలెను. ప్రక్కప్రక్కన కాళ్ళు చాచి పండుకొనినచో ఇక చింత లేదు.

ఒకటి మరియొక దానిపై నెక్కుటయు, కొంచెము తరుముటయు, చిటికెడు బొచ్చు పీకుటయు పెద్దరికము తేల్చుకొనుటకు చేయు పనులు. అర నిమిషములో మానినచో ఊరకుండవచ్చును. తలవైపునుండి ఎక్కినచో మాత్రము వెంటనే దింపవలెను. క్రిందిది ప్రమాదముగా కరచును. చెవులు వెనుకకు బిగించి, తోక నిక్కించి, గుర్రుమనుచు ముందుకు దుముకుట యుద్ధమునకు నాంది. ఒకదాని చుట్టు నొకటి గిరగిర తిరుగుట మొదలైనచో క్షణమైన ఆలస్యము చేయక విడదీయవలెను.

రక్తము కారు పోరు జరిగినచో, మరునాడు చూతమని మరల కలుపరాదు. దట్టమైన బొచ్చులో గాయములు దాగియుండును. చేతితో ఒళ్ళంతయు తడిమి చూచి, ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటితో కడిగి, వైద్యునికి చూపవలెను. మనవారి మందుపెట్టెలోని మాత్రలు వేయరాదు. మనము వాడు పెన్సిలిను జాతి మందులను నోట వేసినచో కుందేటి ప్రేగులు చెడి చచ్చును. రెండు మూడు వారములు కడచిన పిమ్మట మొదటి మెట్టునుండి మరల ఆరంభింపవలెను. రెండు మూడుమారులు చేసినను పొసగనిచో విడిచిపెట్టవలెను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని పంతము పట్టుట ఇట పనికిరాదు.

ఇల్లు, ఎండ, మేత

జోడు కుదిరిన పిమ్మట దానిని చెడగొట్టునవి మూడు: ఇరుకు, ఉక్క, మేతపోటీ. బ్రిటను దేశములోని కుందేళ్ళ సంక్షేమ సంఘమువారు రెండు కుందేళ్ళకు పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తుగల తావు కావలెనని చెప్పుచున్నారు. అంత తావు పెరటిలో లేకున్నను, రాత్రి గూడు చిన్నదైనను, పగలు కొన్ని గంటలైన తిరుగ విడువవలెను. మగ్గమున్న ఇంట మాత్రము పడుగు దగ్గరకు రానీయరాదు. విద్యుత్తు తీగెలను గూడ అందకుండ కట్టవలెను.

కుందేటికి చెమట పట్టదు. దేహపు వేడి చాలవరకు చెవుల ద్వారమున పోవలెను. 30 డిగ్రీలు దాటినది మొదలు అది బాధపడును. మన వైశాఖపు మధ్యాహ్నమున రేకుల క్రింద నుంచిన కుందేలు సాయంత్రమునకు మిగులదు. మట్టిమిద్దె క్రిందనో, దట్టమైన వేపనీడనో నుంచి, గోనెతెర తడిపి గాలి వచ్చువైపు వ్రేలాడదీయవలెను. నీడలోని వట్టి బండ ఇప్పుడు మేలు చేయును; దానిపై పొట్ట ఆనించి పండుకొనును. నీళ్ళు నింపి నోరు మూసిన మట్టికుండ ఒకటి గూటిలో నుంచిన దాని నానుకొని కూర్చుండును. కుండలు రెండుండవలెను, ఒకటే యున్నచో దానికొరకే తగవు వచ్చును. ఆషాఢమున మన మెట్టపై వీచు గాలికి అడ్డుగా ఒక వైపు తడిక కట్టవలెను.

ఈ రెండు రెండను సూత్రము అన్నిటికి వర్తించును. మేత గిన్నెలు రెండు, నీటి మూకుళ్ళు రెండు, దాగు పెట్టెలు రెండు. ఎండుగడ్డిని మాత్రము విస్తారముగా పరచవలెను. దినమంతయు నమలుచుండు కుందేటికి తగవునకు తీరిక తక్కువ. గరిక, ఎండుగడ్డి ప్రధానాహారము. మునగాకు, కొత్తిమీర గుప్పెడు చాలును. ఎండిన వేరుసెనగ కట్టె ఇష్టముగా తినును గాని, బూజు వాసన తగిలిన కట్టెను, చెక్కను ఎన్నటికిని పెట్టరాదు. ఆ బూజులోని విషమును కుందేలు ఏమాత్రమును తాళజాలదు. వానలు లేక వాడిన లేత జొన్నపైరు పశువులకు విషమని మన రైతు లెరుగుదురు, కుందేటికిని అంతే.

ఏ కుందేలైనను పండ్రెండు గంటలు మేత ముట్టకున్నచో అది ఆపద. భయమువలన గూడ దాని ప్రేగులు నిలిచిపోవును. క్రొత్తగా కలిపిన దినములలో రెండును తినుచున్నవా, పెంటికలు వేయుచున్నవా యని ప్రొద్దున సాయంత్రము చూడవలెను.

జోడు కుదిరిన తరువాత

ఒకదానికి జబ్బు చేసి వైద్యునియొద్దకు కొనిపోవునప్పుడు రెండింటిని కొనిపోవలెను. ఒక్కదానినే తీసికొనిపోయి, మందువాసనతో తిరిగి తెచ్చినచో, ఇంటనున్నది దానిని పరాయిదిగా భావించి మీదబడుట కలదు. ఏండ్ల పొత్తు ఒక్క పూటలో ఇట్లు విడిపోయిన సందర్భములున్నవి. బుట్ట పెద్దదిగా చూచుకొనిన చాలును. ఎత్తునప్పుడు చెవులు పట్టరాదు. ఒక చేయి రొమ్ము క్రిందను, ఒక చేయి పిరుదుల క్రిందను ఉంచవలెను. తన్నుకొనుటలో వెన్నెముక విరిగిన కుందేలు మరల లేవదు.

కొత్త యొక వింత, పాత యొక రోత యనునది పిల్లల స్వభావము. క్రొత్తదానినే ఎత్తుకొని, పాతదానిని మరచినచో ఆ జోడు నడుమ మనమే చిచ్చు పెట్టినట్లు. పాతదానికి ముందు మేత వేసి, తరువాత క్రొత్తదానికి వేయుట మంచిది.

రెండింటిలో ఒకటి చనిపోయినప్పుడు, అంటురోగము కానిచో, దేహమును కొన్ని గంటలు రెండవదానియొద్ద నుంచవలెను. అది వాసన చూచి, తట్టి, నాకి, తుదకు తొలగిపోవును. అట్లు చేయనిచో ఇల్లంతయు వెదకుచు తిరుగును. మిగిలిన దానికి కొన్ని దినములు మేత సయించకపోవచ్చును. దానియొద్ద ఎక్కువసేపు కూర్చుండవలెను. మరునాడే క్రొత్తదానిని తెచ్చి ముందు పెట్టరాదు.

తుది మాట

మూగజీవులను హింసించుటయు, కదలుటకు వీలులేని ఇరుకుగూటిలో మూయుటయు నేరములని 1960లో మన దేశమున చట్టమైనది. దానికి దారి తీసినది ఒక స్త్రీ. నాట్యకళావిదుషి రుక్మిణీదేవి అరండేలు రాజ్యసభ సభ్యురాలుగా 1953లో ప్రవేశపెట్టిన బిల్లే ఆ చట్టమునకు మూలము. చట్టము గూటిని కొలువగలదు గాని, ఆ గూటిలోని రెండు ప్రాణుల మనసు కొలుచుట ఇల్లాలి వంతు.

బాగుగా చూచుకొనిన కుందేలు ఎనిమిది మొదలు పండ్రెండు సంవత్సరములు బ్రతుకును. నేడు ఐదవ తరగతి చదువు బాలిక కొరకు తెచ్చిన కుందేలు, ఆ బాలిక అత్తవారింటికి పోయిన పిమ్మటను తల్లి చేతిలో మిగులును. కావున రెండవ కుందేటిని తెచ్చుటకు ముందు ఇల్లాలు నాలుగు విషయములు అడుగుకొనవలెను. రెండు గూళ్ళకు నీడగల తావున్నదా? వేసవిలో రెండింటికి చాలు నీరున్నదా? చికిత్స చేయు వైద్యుడు అందుబాటులో నున్నాడా? నెలరోజులు దినమున కొక గంట నేలపై కూర్చుండు తీరిక ఇంటిలో ఎవరికైన నున్నదా? నాలుగింటికి అవునను జవాబు వచ్చిన తప్పక తేవచ్చును. ఒక్కదానికి కాదని వచ్చినను, ఉన్న యొక్కదానినే విశాలమైన తావున నుంచి, సాయంత్రము దీపము పెట్టిన పిమ్మట దాని ప్రక్కన కూర్చుండి నుదురు నిమురుచు ఒక గంట గడుపుడు. మరియొక కుందేటి స్నేహమునకు అది సాటి రాదు గాని, పోరువలన చీలిన చెవికంటె అది దానికి మేలు.